పుట్టే పిల్లల చెవికి నీ గుర్తు

బెంగుళూరు,
ఆదివారం.

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు రెడ్డెప్ప నమస్కరించి రాసేది. నేను ఇక్కడ బాగున్నాను. కురబలకోటలో అమ్మ, నాన్న, నువ్వు, బావ, మందలోని గొర్రెలతో సహా అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావ పుంగనూరు సంతకు పోతే మందు మరిచిపోకుండా తెమ్మను.

ఇక్కడ రోజూ సాయంత్రం వాన. మెస్సులో సాంబారుకు బెల్లం వేస్తారు, అదీ అలవాటైపోయింది. కడుపునిండా తింటున్నాను, దిగులు పడొద్దు. కానీ సంగటి మీద ప్రాణం లాగుతోంది. ఇటు ఎవరైనా వస్తే చెనిక్కాయల పొడి పంపు. ఆదివారాలు ఏమీ తోచదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరాలు.

అసలు సంగతికొస్తాను. నన్ను పనిలో ఉంచుకుంటారో, మదనపల్లె బస్సెక్కిస్తారో ఈ వారం తేలుతుందని రాశాను కదా. నాన్న కూడా దానికోసమే కాచుకుని ఉన్నాడు, నేను తిరిగొస్తే మంద నాకు అప్పజెప్పాలని. మేపేది నువ్వు, గొర్రెల చెవి మీద సొంతదారు గుర్తు నాది!

మాకు సి ప్లస్ ప్లస్ అనే కొత్త కంప్యూటరు భాష నేర్పుతున్నారు. అందులో ఒక్కో వస్తువూ తన వివరాలు తనలోనే ఉంచుకుంటుంది. నాకిచ్చింది బస్సు. దానికొక నంబరు, నిండిన సీట్ల లెక్క. ఆ బస్సును పట్టుకున్న పేరును నేను ‘కాన్‌స్ట్’, అంటే మారనిది, అని బిగించేసి, ఇక ఎవరూ ఏమీ మార్చలేరని అందరి ముందూ గొప్పలు పోయాను. సీట్ల జాబితా అచ్చు వేస్తే, వేసేసరికి బస్సు ఖాళీ! లెక్కను సున్నా చేసే వరుస ఒకటి ప్రోగ్రాములో అచ్చు వేసే భాగంలో పొరపాటున నేనే రాసి పెట్టాను.

మాకు నేర్పే విమలమ్మ గారిది కుప్పం. పొట్ట పట్టుకుని నవ్వారు.

“పేరుకు తాళమేసినావు, బస్సుకు వెయ్యలేదు కదప్పా! ఆ పేరు ఇంకో బస్సుకు పోదు, అంతే. లోపల సీట్లు ఏల మారకూడదు?”

“అయితే మా గొర్రె మాదిరే మేడం. చెవి గుర్తు పుట్టినప్పుడు కోస్తే మళ్ళా మారదు. అయినా గొర్రె బలుస్తాది, ఉన్ని కత్తిరిస్తాము.”

“అదే! నంబరు పుట్టినప్పుడే ఇచ్చి బిగించు. సీట్లు మారనీ. సూసేవాడికి మటుకు సూసే హక్కే ఇయ్యి.”

అలాగే చేశాను. అచ్చు వేసే భాగానికి బస్సును చూడ్డానికే ఇచ్చాను, తాకడానికి కాదు. కంప్యూటరు వెంటనే నా తప్పుడు వరుసను పట్టుకుని ప్రోగ్రామును ముందుకు పోనివ్వలేదు. తప్పు దొరికినందుకు అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

శుక్రవారం విమలమ్మ గారు పిలిచి, నన్ను పర్మనెంటు చేశారని చెప్పారు. అక్కా, గది దాకా ఎగురుకుంటూ వచ్చాను! తీరా మంచం మీద కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఇక నేను మందకు రాను కదా.

అమ్మకూ నాన్నకూ నా దండాలు, బావను అడిగానని చెప్పు. నాన్నకు ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు. పెద్ద గొర్రెలకు నా గుర్తు ఉంటే ఉండనీ, దాన్ని ఎవరమూ మార్చలేము. ఈసారి పుట్టే పిల్లల చెవులకు మాత్రం నీ గుర్తు వెయ్యి. నాన్న ఎందుకని అడిగితే తమ్ముడు రాశాడని చెప్పు. మంద నీది.

మీ అందరి దీవెనలు కోరే
నీ తమ్ముడు
రెడ్డెప్ప