ఆరో తరగతి గదిలో కంప్యూటర్

ఉదయగిరి, జూన్ 1998

బడికి కంప్యూటర్ వచ్చింది. అది చల్లగా ఉండాలట. ఫ్యాను ఉన్న ఒకే ఒక్క గదిలోంచి నా ఆరో తరగతి పిల్లలను రేకుల వసారాలోకి తోలేశారు. నేర్పే మనిషే లేడు, గదికి మాత్రం తాళం. “పిల్లోళ్లు ఎండకి తట్టుకుంటారు సార్, అది తట్టుకోదు” అన్నాడు హెడ్‌మాస్టర్, నవ్వకుండానే. ఇది చదువా, విగ్రహ ప్రతిష్ఠా?

సాయంత్రం పిల్లల గది పిల్లలకు ఇమ్మని అడగడానికి తల్లిదండ్రులను కూడగడదామని బయలుదేరి మొదటి ఇంట్లోనే ఆగిపోయాను. రాళ్లు కొట్టే ఏసోబు ఇల్లు. నా తరగతిలోనే చదివే కూతురు వసారా వేడికి తలకు తడిగుడ్డ చుట్టుకుని పడుకుంది. ఆయన నన్నే బతిమాలాడు: “మా పాప కంప్యూటర్ బళ్లో చదవతా ఉండాదని దుత్తలూరు దాకా చెప్పుకున్నాను సార్. మీరు గలాటా చేసి ఆ కంప్యూటర్ని ఎనక్కి పంపించొద్దు.”

కంప్యూటర్ వద్దని నేనెప్పుడన్నాను? వాదించడమే పనిగా బతికినవాణ్ణి, పక్కింటి తలుపు కూడా తట్టకుండా వెనక్కి వచ్చేశాను. రేపు ఆ పిల్ల బడికి వస్తే నేను కూర్చోబెట్టాల్సింది మళ్లీ ఆ రేకుల కిందే...