పసుపు కింద అతుకు

మంగళవారం, కేతేపల్లి

ఒళ్లు మండిపోతోంది. మా పికప్‌కు ముందు టైర్లు మార్పిస్తానని నల్గొండ వెళ్లిన అన్న, కొత్తవేనంటూ వాటికి పసుపు దట్టంగా పూయించి తెచ్చాడు. రేపు పత్తి ఏరే కూలీలు ఎక్కేది ఆ బండే, నడిపేది నేను. అనుమానమొచ్చి పసుపు తుడిచాను. కింద అతుకు! అరిగిన టైరుకే కొత్త రబ్బరు అంటించిన సరుకు.

“గిసొంటివి ముందట వేస్తరా అన్నా? పేలితే బండి బోల్తా పడ్తది.”

“పూజ చేపిచ్చిన. ఏం గాదు, ఊకె ఫికర్ జెయ్యకు.”

“గట్లయితే రేపు కూలోళ్లతోని వదినను, పిల్లలను గూడ ఎక్కియ్యి.”

“వాళ్లెందుకురా? వాళ్లు బస్సుల పోతరు” అన్నాడు, తడుముకోకుండా.

బండి తాళం నా దిండు కింద పెట్టుకున్నాను. పొద్దున అడగనీ, చెప్తాను.