కదిరప్ప వేసిన ముళ్లకంప

కుప్పంలో చదువుకుంటున్న నా తల్లి షైలజకు, నాయన ప్రేమతో రాసేది. ప్రభువు దయవల్ల నేనూ అమ్మా కులాసా. నువ్వూ చల్లగా ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. నీ గొంతు వింటూ ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు కొంచెం నయం. మదనపల్లె ఆసుపత్రిలో మెట్లెక్కొద్దన్నారు, ఆమె వింటేగా! పుంగనూరు బస్సు ఎప్పటిలాగే లేటు. పొలంలో చింతచెట్టు మీద నువ్వు కనిపెట్టిన ఆర్కిడ్ బతికే ఉంది, ఆకులు పచ్చగా ఉన్నాయి. పూలకాడ ఒక్కటే లేదు.

దాన్ని పక్క పొలం కదిరప్ప మేకలు తిన్నాయని పోయిన వారం నీకు చెప్పాను. నువ్వు ఆయనకు ఫోన్ చేసి, "ఈ సుట్టుపక్కల అదొక్కటే ఉండాది మామా. కాయ పండి ఇత్తనం గాలికి పోతేనే గదా ఇంగోటి మొలిచేది" అని ఏడ్చావట.

మేకలు తినలేదమ్మా. నేనే తుంచాను.

చర్చిలో కోత పండుగకు అందరూ తమ పంటలో మేలైనది తెస్తారు కదా. మన టమోటా ఈసారి మచ్చలు పడింది. ఎవరి దగ్గరా లేనిది దేవుని బల్ల మీద పెట్టాలనిపించింది. దేవుని కోసమే అనుకున్నాను గానీ, 'ఎలీషా కూతురు కనిపెట్టిన పువ్వు' అని నలుగురూ అనాలనే నా ఆశ. అన్నారు కూడా. ఆ పూట నా కాళ్లు నేలమీద లేవు. మర్నాటికి పూలు వాడిపోయాయి. కాయ కట్టిందా అని నువ్వు అడిగేసరికి, నా నోటికి కదిరప్ప మేకలు వచ్చాయి. ఆ అబద్ధం విన్నప్పటినుంచి అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు.

నిన్న పొలానికి వెళితే కదిరప్ప ఆ చింత చుట్టూ ముళ్లకంప వేస్తున్నాడు. చేతులనిండా నెత్తుటి గీతలు.

"నా మేకలు అంత పైకి ఎగబాకుతాయని అనుకోల్యా ఎలీషప్పా. తప్పు నాదే. పాపకు సెప్పు, ఇంక ఒక్క మేక గూడా ఈడికి రాదు" అన్నాడు.

నేనేమో, రెండో కొస పట్టుకోమంటే పట్టుకుని కంప సర్దాను. సిగ్గుతో చచ్చిపోయాను తల్లీ.

ఈ ఉత్తరం పోస్టులో వేసి, అటునుంచే కదిరప్ప ఇంటికి పోతాను. నిజం తెలిశాక ఆయన కంప తీసేస్తానన్నా తీయనివ్వను. అది మేకలకు అక్కర్లేదు, నాకు కావాలి.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని
నీ నాయన,
ఎలీషా