పుస్తకంలో లేని అధ్యాయం

అమ్మకి,

నీ రెండో కూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, మామయ్య కళ్ళు మరీ క్షేమం. నువ్వూ, నీ మోకాళ్ళూ క్షేమమని తలుస్తాను. ఈసారి ఉత్తరం కాస్త పెద్దదే. గెలిచినవాళ్ళకి మాటలెక్కువ కదా, తీరిగ్గా కూర్చుని చదువు.

"అన్నయ్యగారికి చూపు ఎలా ఉంది?" అని అడిగావు. కంటి ఆపరేషనయ్యాక పెట్టిన నల్లద్దాలు తీసేయవచ్చని డాక్టరు చెప్పిన రోజునే మామయ్య గోడ మీది క్యాలెండర్లో అచ్చుతప్పు పట్టుకున్నారు. జీవితమంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషాయె. వెంటనే పెన్సిలు తెప్పించుకుని, కుర్చీ ఎక్కబోతే మేమే ఆపాం. ఇప్పుడు పాలప్యాకెట్టు మీది అక్షరాలు కూడా వదలడం లేదు.

ఆయన చూపు మసకబారినప్పటి నుంచి రోజూ సాయంత్రం గంటసేపు పుస్తకం చదివి వినిపించడం నా పని అని నీకు తెలుసు. "ఉన్నది ఉన్నట్టు చదువమ్మాయ్, కామా కూడా మింగకు" అనేవారు. నల్లద్దాలు తీసిన సాయంత్రం నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, "ఇక నీకు విడుదల. నీ గంట నీది" అన్నారు.

ఆ గంట కూడా వంటింటికే ధారపోస్తున్నానేమోనని నీ అనుమానం. లేదమ్మా. లైబ్రరీలో నా పేర కార్డు తీసుకుని, ఈ నెలంతా నాకోసం నేను చదువుకున్నాను. మొదట్లో అలవాటు కొద్దీ పైకే చదివేదాన్ని. మీ అల్లుడు తలుపు దగ్గర నిలబడి, "ఎవరికి వినిపిస్తున్నావు, కుర్చీకా?" అని నవ్వారు. నోరు మూసుకుని చదవడం నేను కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

ఎడారి దాటిన ఒకావిడ ప్రయాణం చదివాను. నచ్చిన పేజీ మళ్ళీ మళ్ళీ చదువుకున్నా "ఊఁ, తర్వాత?" అని దగ్గేవాళ్ళు లేరు. వంతెనలు కట్టేవాళ్ళ మీద దిండంత పుస్తకం తెచ్చి సగంలో మూసేశాను. మొదలుపెట్టింది వదిలేస్తే పాపమన్నట్టు పెంచావు నన్ను. ఆకాశమేమీ విరిగి పడలేదు. ఆ తర్వాత ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఇల్లు పంచుకునే నవల. అందులో చిన్నది జ్వరంతో పోతుంది. ఆ పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదు. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఆ పిల్లని చావనిచ్చి, కడుపారా ఏడ్చి, చివరిదాకా చదివాను. నాకోసం చదువుకునేటప్పుడు ఏదీ దాటెయ్యక్కర్లేదని తెలిసింది. అది కూడా ఒక సుఖమేనమ్మా.

ఇక నువ్వు రెండుసార్లు గీత గీసి మరీ అడిగిన సంగతి. "అల్లుడుగారు ఫోన్ చేసి, నాన్నకి మతి తప్పుతోందేమో, ఆ వయసుకి అలా అవుతుందా అని అడిగారు. నా దగ్గర దాచకు" అన్నావు. దాచను. కానీ జరిగిన వరసలోనే చెప్తాను.

చూపు రాగానే మామయ్య తను విన్నవాటిలో బాగా నచ్చిన పాత నవల మళ్ళీ తెప్పించుకున్నారు. నది మీద పడవ నడిపే ఒకావిడ కథ. గిట్టనివాడు పడవ తాడు కోసేస్తాడు, ఆవిడ నీళ్ళలో పడుతుంది. ఆ తర్వాత ఆవిడ ఒడ్డెక్కి, తడిబట్టలతోనే వాడింటికెళ్ళి నలుగురిలో నిలదీస్తుంది. మామయ్యకి ఆ అధ్యాయమంటే ప్రాణం. తీరా చూస్తే పుస్తకంలో అది లేదు. ఆవిడ మునిగిపోతుంది, ఖాళీ పడవ కొట్టుకుపోతుంది, కథ అయిపోతుంది. ఆయన పేజీల అంకెలు చూశారు, వరసగానే ఉన్నాయి. కుట్టు విప్పదీసినంత పని చేశారు. అదీ సరిగ్గానే ఉంది.

నేరుగా లైబ్రరీకి వెళ్ళి, పుస్తకంలో ఒక అధ్యాయం ఎగిరిపోయిందని ఫిర్యాదు చేశారు. లైబ్రరీ అమ్మాయి ఓపిగ్గా ఇంకో రెండు ప్రతులు తెచ్చి చూపించింది. మూడూ ఒకటే. మామయ్య తగ్గుతారా? పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ అధ్యాయం మొదటి నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టారు. పేపరు చదువుకునేవాళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారట. రిటైరైన హెడ్మాస్టరుగారు భుజం తట్టి, "వయసు సార్, మనందరికీ ఉన్నదే" అన్నారట. ఈ మాటలన్నీ మీ అల్లుడి చెవిన పడ్డాయి.

మామయ్య ఇంకో నవల తీశారు. అందులో నోటి దురుసు వంటవాడు ఉండాలి, లేడు. ఆ రోజుతో పుస్తకాలన్నీ అలమరలో పెట్టి తలుపేశారు. తాళంచెవి ఎక్కడ పెట్టారో తనని తానే మళ్ళీ మళ్ళీ అడిగి చూసుకునేవారు. "ఇవాళ ఏ వారం, నేను చెప్తాను, తప్పయితే చెప్పు" అనేవారు నాతో. తప్పయ్యేది కాదు. అయినా ఆయనకి తన మీద తనకి నమ్మకం పోయింది. మీ అల్లుడు డాక్టరు దగ్గర టైము తీసుకున్నారు. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరుగుతున్నాను.

అమ్మా, ఆ అధ్యాయం నాది. ఆ వంటవాడూ నావాడే.

అత్తయ్య పోయిన వారంలో మేం చదువుతున్నది ఆ పడవ నవలే. ఆ మనిషి ఎదురుగా కూర్చుని, నీళ్ళలో పడ్డ ఆడమనిషి ఏమైందా అని ఎదురుచూస్తున్నారు. పేజీలో చూస్తే ఆవిడ పోయింది. నాకు నోరు రాలేదు. పుస్తకం వంకే చూస్తూ ఆవిణ్ణి ఒడ్డెక్కించాను. అంత్యక్రియలయ్యాక మొదటిసారి మామయ్య నవ్వారు. "ఈ రాసినవాడెవడో గట్టివాడమ్మాయ్" అన్నారు. నన్ను కాదని తెలిసీ ఆ మెప్పు రుచి మరిగాను. ఇక నా ఇష్టారాజ్యం. కామా మింగనివ్వని మనిషికి మనుషుల్నే మార్చి వినిపించానని చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

డాక్టరు దగ్గరికి బయల్దేరే పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్తే, "అమ్మాయ్, ఆవిడ ఒడ్డెక్కడం నువ్వు చదివావా, నేను కలగన్నానా?" అన్నారు. ఆ గొంతు విన్నాక ఇక దాచలేకపోయాను.

"చదవలేదు మామయ్యా, కల్పించాను" అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టారు. "మొత్తమా?"

"ఆ అధ్యాయం మొత్తం."

"వంటవాడో?"

"వాడూ నేనే."

"కవలల పెళ్ళి?"

"పెళ్ళి పుస్తకంలోదే. పెళ్ళిలో కొట్లాట మాత్రం నాది."

అరుస్తారనుకున్నాను. ఆయన లేచి నిలబడి, లోపలున్న కొడుకుని కేకేసి, "ఒరేయ్, నా బుర్ర భేషుగ్గా ఉందిరా. డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు. లైబ్రరీకి పదండి" అన్నారు.

లైబ్రరీలో ఆయన నడక నువ్వు చూడాల్సింది. హెడ్మాస్టరుగారి ఎదుట నిలబడి, "నాకు మతి తప్పలేదు సార్. నేను విన్నది విన్నట్టే చెప్పాను. పుస్తకమే తక్కువ రాసింది. మిగతాది మా కోడలిది" అన్నారు. మళ్ళీ ఆ అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఈసారి ఎవరూ మొహాలు చూసుకోలేదు. లైబ్రరీ అమ్మాయి కౌంటరు వదిలి వచ్చి నిలబడింది. అంతా అయ్యాక మామయ్య నావైపు తిరిగి, "ఆవిడ శాలువా మొదట నీలం అన్నావు, తర్వాత ఆకుపచ్చ అన్నావు. వింటున్నప్పుడే పట్టుకున్నాను, అచ్చుతప్పులే అని ఊరుకున్నాను" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. హెడ్మాస్టరుగారు లేచి ఆయనకి క్షమాపణ చెప్పి, "ఆ తాడు కోసినవాడు తర్వాత ఏమయ్యాడమ్మా?" అని నన్నడిగారు. అడిగారమ్మా, నన్ను.

తిరిగి వస్తుంటే మీ అల్లుడు తలొంచుకుని వెనకే నడిచారు, పాపం. మామయ్య నాతో అన్నారు, "ఆవిణ్ణి ఒడ్డెక్కించింది మీ అత్తయ్య పోయిన వారం కదూ?"

అవునన్నాను.

"అచ్చులో ఉన్నది ఆ రోజు విని ఉంటే మళ్ళీ పుస్తకం ముట్టుకునేవాణ్ణి కాదు." కొంచెం దూరం నడిచాక, "నీ గంట నీదే, అది నేనడగను. నీకు చెప్పాలనిపించిన రోజు మాత్రం పిలు. పుస్తకం తేవద్దు" అన్నారు.

నిన్న సాయంత్రం నేనే పిలిచాను. ఉత్త చేతులతో వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

ఇట్లు,
తల ఎత్తుకు తిరుగుతున్న
నీ కూతురు