గుండె మీద ప్లాస్టరు

రాయపూర్,
3 ఫిబ్రవరి 1997.

పూజ్యుడైన గురునాథం అన్నయ్యకు చెల్లెలు సుభద్ర నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను, మీ బావ, కోడలు బంగారమ్మ అందరం క్షేమం. పార్వతీపురంలో నువ్వూ, కోటమ్మ వదినా కూడా క్షేమమని తలుస్తాను.

మీ బావ రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని నా వంటకు వంకలు పెడుతున్నారు. రైల్వే వాగన్ షాపులో అన్నేళ్లు సుత్తితో చక్రాలు కొట్టి, చప్పుడు విని పగులు పట్టుకున్న మనిషి కదా, ఆ అలవాటు పోలేదు. మొన్న నా మినపట్టును గరిటెతో కొట్టి చూశారు.

పోయిన వారం మా ఇంట్లో ఒక పని జరిగింది. అదేమిటో ఇప్పుడు చెప్పను. చెప్తే నీకు నిద్ర పట్టదు. మార్చిలో నీకే తెలుస్తుంది. అంతవరకు నన్నేమీ అడగకు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుభద్ర

తా.క.: తిల్దా రైసు మిల్లులో గుమాస్తాగా ఉన్న మన ఊరి చెన్నకేశవులు సరిగ్గా ఆ వేళకే వచ్చాడు. గుమ్మంలో నిలబడి నన్ను చూసి, మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. కాఫీ కూడా ముట్టలేదు. వాడికేం పుట్టిందో!


పార్వతీపురం,
10 ఫిబ్రవరి 1997.

చిరంజీవి సౌభాగ్యవతి సుభద్రకు అన్నయ్య గురునాథం ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరంలో "అందరం క్షేమం" అన్న ముక్క చదవగానే నాకు అనుమానమొచ్చింది. మనింట్లో క్షేమమంటే అర్థమేమిటో నాకు తెలియదా? నాన్న మంచం పట్టినప్పుడు అమ్మ నాకు క్షేమమనే రాసింది. పెదనాన్న పోయిన కబురు కూడా "అందరం క్షేమం, వీలు చూసుకుని ఒకసారి వచ్చి వెళ్లు" అనే వచ్చింది. మన వంశంలో ఇంతవరకు ఎవరికీ ఉత్తరంలో జలుబు కూడా చెయ్యలేదు.

చెన్నకేశవులు పెళ్లికని ఊరొచ్చి, నా దుకాణానికి వచ్చి కళ్లు తుడుచుకుంటూ అంతా చెప్పాడు. "బాబూ, సుభద్రమ్మని కుర్సీలో కూకోబెట్టేసినారు. గుండెకాడ ప్లాస్టరు అంటించీసి, రవికలోంచి తీగ లాగి, ఎనకాల నడుముకి పెట్టె కట్టినారు. చెవులకి ఏటో తగిలించుకున్న డాక్టరొకడు కళ్లు మూసుకుని ఇంటన్నాడు. గట్టిగా ఊపిరి తియ్యొద్దమ్మా, గుండె సప్పుడు మరీ ఎక్కువగా ఉందన్నాడు" అని.

నా దగ్గర దాస్తావా తల్లీ? చిన్నప్పుడు నీకు ముల్లు గుచ్చుకుంటే నా దగ్గరికే కదా కుంటుకుంటూ వచ్చేదానివి!

సరే, ఆ పెట్టె సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. అది ఉన్నంతసేపు స్నానం చెయ్యకు. బోర్లా పడుకోకు, తీగ మెలిక పడుతుంది. ప్లాస్టరు తీసేముందు కొబ్బరినూనె రాసి నానబెట్టు. ఊరికే లాగేశావంటే వెంట్రుకలు ఊడొచ్చి పై ప్రాణాలు పైనే పోతాయి. ఇంతకీ మార్చిలో తెలుస్తుందన్నావే, ఆపరేషనా?

ఇట్లు,
నీ అన్నయ్య
గురునాథం

తా.క.: జవాబు ఇంటికి రాయకు, దుకాణం అడ్రసుకు రాయి. ఇంటికొస్తే మీ వదిన చదివేస్తుంది. ఆవిడ అసలే పిరికిది.


రాయపూర్,
15 ఫిబ్రవరి 1997.

అన్నయ్యకు సుభద్ర నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ముందు కడుపు పగిలేలా నవ్వాను. ముల్లు మాట దగ్గరికొచ్చేసరికి ఏడుపొచ్చింది. నిన్ను ఇంత హడలగొట్టిన చెన్నకేశవులు ఈసారి మా ఇంటికి రానీ, కాఫీ బదులు కాకరకాయ రసం పోస్తాను.

అన్నయ్యా, అది టీవీ షూటింగు! ఇక్కడి వాళ్లెవరో రకరకాల ఇళ్ల వంటల మీద కార్యక్రమం తీస్తున్నారు. తెలుగువాళ్ల తరఫున నా ఆవపెట్టిన పనసపొట్టు కూర తీసుకున్నారు. మార్చిలో టీవీలో వస్తుంది. నువ్వు చూసి నోరెళ్లబెట్టాలని దాచాను, అంతే.

ఆ డాక్టరు డాక్టరు కాడు, దేవాంగన్ అని మాటలు రికార్డు చేసే కుర్రాడు. నేను మామూలుగా వంట చేసుకుంటున్నట్టు కనబడాలిట. మామూలుగా వంట చేసుకునే ఆడది మైకు పెట్టుకోదు కదా, అందుకని దాన్ని బట్టల్లో దాచాలి. బొబ్బరగింజంత మైకు, దాని తీగ చివర నడుముకి కట్టే చిన్న పెట్టె. మైకును ప్లాస్టరుతో గుండెల మధ్య అంటించాలి. అతను సిగ్గుపడి తలుపవతల నిలబడ్డాడు. లోపల బంగారమ్మ అంటిస్తుంటే బయట నుంచి "ఊపర్, ఊపర్! అరే, ఉల్టా మత్ లగానా" అని కేకలు, పైకి పెట్టు, తిరగేసి అంటించకు అని. మన బంగారమ్మ తలకిందులుగానే అంటించింది.

తర్వాత చీర గోల. టీవీ కదా అని పండరీ బజార్లో కొత్త నేతచీర కొని, అప్పడంలా గంజి పెట్టాను. నేను చెయ్యి కదిపితే చాలు, అతని చెవుల్లో కరకర! చివరికి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీర కట్టించారు. దేశమంతా నన్ను ఆ చీరలో చూస్తుంది, నా ఖర్మ. అది అయ్యాక, పుస్తెలు మైకుకు తగిలి టింగుమంటున్నాయి, తీసెయ్యమన్నాడు. "ఈయన కుర్చీలో కూర్చుని ఉండగా తియ్యమంటావా!" అని ఎంత గట్టిగా అరిచానంటే పాపం చెవులకు తగిలించుకున్నవి పీకేసుకున్నాడు. రెండు పుస్తెల మధ్యా దూది పెట్టి, ప్లాస్టరు చుట్టి గండం గడిపాం.

గుండె చప్పుడన్నది నిజమే. కెమెరా చూసి నాకు దడ పుట్టింది. మైకేమో గుండె మీదే ఉంది. "అమ్మాజీ, ఆప్ సే జ్యాదా ఆప్ కా దిల్ బోల్ రహా హై" అన్నాడు. నాకన్నా నా గుండే ఎక్కువ మాట్లాడుతోందని. ఊపిరి మెల్లగా తీయమన్నది అందుకే. నాకే జబ్బూ లేదు. ఇది అసలైన క్షేమం.

ఇట్లు,
సుభద్ర

తా.క.: మీ బావ కూడా ఆ చెవులవి తగిలించుకుని నా గుండె విన్నారు. చాలాసేపు విని, "చక్రం బాగుంది, పగులు లేదు" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.


పార్వతీపురం,
21 ఫిబ్రవరి 1997.

చిరంజీవి సౌభాగ్యవతి సుభద్రకు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం.

అమ్మ ఒక్క ముక్కలో అబద్ధమాడేది. నువ్వు నాలుగు పేజీలు ఆడావు. నా మనసు కష్టపెట్టకూడదని పనసపొట్టు దాకా వెళ్లావే, నీ ప్రేమకు దండం పెట్టాలి. కానీ నేను టీవీ చూడనివాణ్ణి కాదు. వార్తలు చదివే అమ్మాయికి మైకు పైట మీదే కనబడుతుంది. అసలు మైకన్నాక నలుగురికీ కనబడాలి. మన రామకోవెల మైకు మూడు వీధుల అవతలికి కనబడుతుంది. రవికలో దాచే మైకు సంగతి నేనెక్కడా వినలేదు. పుస్తెలు తీసెయ్యమనేది ఆపరేషనుకే కానీ కూరకు కాదు. ఇక బావ పగులు లేదన్నాడంటావా, నీ మొహం మీద అంతకన్నా ఏమనగలడు?

నేను చెయ్యగలిగింది చేస్తున్నాను. నీకోసం ఉప్పు మానేశాను. కూరలు గడ్డిలా ఉన్నా నీ పేరు తలుచుకుని మింగుతున్నాను. సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను కూడా. మార్చి ఒకటి, శనివారం, కొండ మెట్లన్నీ ఎక్కడా కూర్చోకుండా ఎక్కుతాను. ఒక్కణ్ణే వెళ్తాను. మీ వదినకు సరుకు కొనడానికి విశాఖ వెళ్తున్నానని చెప్తాను. నువ్వు ధైర్యంగా ఉండు.

ఇట్లు,
గురునాథం

తా.క.: నిన్న దుకాణం ముందున్న మూడు మెట్లు ఎక్కేసరికి ఆయాసమొచ్చి, బియ్యం బస్తా మీద కూలబడ్డాను. నీ దిగులే, మరేం లేదు. నీకు నయమైతే ఇదీ తగ్గిపోతుంది.


రైల్లోంచి,
27 ఫిబ్రవరి 1997.

అన్నయ్యా,

ఇక్కడ నేను క్షేమం కాదు. నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఈ ఉత్తరం పోస్టులో రాదు. నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. రాయగడ దాటాం. మీ బావ ఎదుటి బెంచీ మీద కూర్చుని పట్టాల చప్పుడు వింటున్నారు. రైలు ఊగుతోంది కనుక అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. ఎదురుపడితే నోటితోనే అడగొచ్చు కదా అంటావు. అడిగితే నువ్వు "క్షేమం" అంటావు, నీ మొహం చూసి నేను నమ్మేస్తాను. అందుకే ముందే రాసుకుని వస్తున్నాను.

మొన్న బంగారమ్మ నీ రెండు ఉత్తరాలూ పైకి చదువుతూ ఒకచోట టక్కున ఆగిపోయింది. "అత్తయ్యా, ప్లాస్టరు తీస్తే మీకు వెంట్రుకలు ఊడొస్తాయా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఎవరి వెంట్రుకలు అన్నయ్యా అవి?

స్నానం చెయ్యకూడదని నీకెవరు చెప్పారు? బోర్లా పడుకుంటే తీగ మెలిక పడుతుందని ఎలా తెలిసింది? చెన్నకేశవులు చూసింది నా మైకునే. కానీ వాడు చెప్పగానే నీకు కనబడింది గుండె పరీక్షకని నీకు కట్టిన పెట్టె. విశాఖలో ఏ డాక్టరు కట్టాడో, ఎప్పుడు కట్టాడో, నువ్వు మాత్రం అప్పుడు కూడా "ఇక్కడ అందరం క్షేమం" అనే రాసి ఉంటావు.

ఉప్పు నాకోసం మానలేదు నువ్వు. డాక్టరు మాన్పించాడు, ఆ పుణ్యం నాకు అంటగట్టావు. అంతవరకు క్షమిస్తాను. కానీ మూడు మెట్లకు కూలబడిన మనిషివి, నా గుండె కోసం ఆ కొండెక్కుతావా? ఆ మెట్ల మీద నీకేమైనా అయితే, ఆ కబురు కూడా నాకు "అందరం క్షేమం" అనే వచ్చేది. అది తలుచుకుంటే నీ మీద ఎంత కోపమొస్తోందో, ఎంత ఏడుపొస్తోందో నాకే తెలియడం లేదు. శనివారం నువ్వు గుమ్మం దిగితే నా మీద ఒట్టే. అప్పన్న ఎక్కడికీ పోడు. మొక్కు నాది, మెట్లు నేనెక్కుతాను. నాకు పగులు లేదు.

దేవాంగన్‌ను బతిమాలి, ఆ రోజు రికార్డయిన నా గుండె చప్పుడు ఒక క్యాసెట్టులో ఎక్కించుకుని తెస్తున్నాను. వింటే గానీ నువ్వు నమ్మవు. విన్నాక నీ చొక్కా గుండీలు విప్పు. మైకు తీసుకురాలేదు. నీ గుండె మీద చెవి పెట్టి నేనే వింటాను. సోమవారం విశాఖ డాక్టరు దగ్గరికి నీతో నేనూ, వదినా వస్తున్నాం.

ఇట్లు,
ముల్లు గుచ్చుకుంటే నీ దగ్గరికే వచ్చే
సుభద్ర

తా.క.: దుకాణం అడ్రసుకు రాయమన్నావు కానీ నేను స్టేషన్లో దిగి తిన్నగా మీ వంటింటికే వెళ్తున్నాను. కాబట్టి ఇది నీ చేతికి వచ్చేసరికి వదిన చదివేసి ఉంటుంది. పిరికిదన్నావుగా, తలుపు చాటున అట్లకాడ పట్టుకుని నిలబడి ఉందేమో చూసుకుని లోపలికి రా.