పాట గిట్టని మనిషి

ఏమండీ,

మీ సంవత్సరీకాలు అయిన నెలకి అమ్మాయి నన్ను హైదరాబాదు తీసుకెళ్లింది. దానికి అక్కడే ఉద్యోగం కుదిరింది. ఆదివారం సాయంత్రం గాత్ర కచేరీకి వెళ్దామంటే, చిన్నపిల్లలా ముస్తాబయ్యాను.

కొబ్బరి పీచు కంపెనీ పని మీద ఇరవై ఏళ్లు నెలనెలా మీరు ఆ ఊరు వెళ్లారు. ఒక్కసారి నన్నూ తీసుకెళ్లి కచేరీ వినిపించమంటే, "అక్కడ నాకు అన్నం తినడానికే తీరిక ఉండదే" అనేవారు. నమ్మాను. పిల్ల చదువు, మంచాన పడ్డ మీ అమ్మగారిని చూసుకుంటూ వంటింట్లోనే పాడుకున్నాను.

హాలు గుమ్మం దగ్గర సభ కార్యదర్శిగారు నా మాట తీరు విని ఏ ఊరని అడిగారు. అమలాపురం అనగానే మీ పేరు చెప్పి, "ఎరుగుదురా?" అన్నారు.

"ఆయన భార్యనండి. పోయేరండి, ఏడాది దాటింది."

ఆయన నొచ్చుకున్నారు. "ఏ నెలా కచేరీ తప్పేవారు కాదమ్మా. మిమ్మల్నీ తీసుకురమ్మని ఎన్నిసార్లో అడిగాను. మీకు పాట గిట్టదనేవారు."

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

మీరు పాట విన్నందుకు కోపం లేదండి. ఊళ్లు తిరిగి అలిసిన మనిషికి ఆ మాత్రం సుఖం ఉండాలి. ఇంటికొచ్చి ఆ పాట గురించి ఒక్క ముక్క చెప్పినా నాకు సరిపోయేది. నన్ను పాట గిట్టనిదాన్ని చేశారెందుకు? మీరు పోయిననాడు ఏడ్చిందంతా ఎవరో పరాయి మనిషి కోసం ఏడ్చినట్టనిపించింది.

"వెళ్లిపోదామా అమ్మా?" అంది అమ్మాయి.

"వద్దమ్మా" అని, కార్యదర్శిగారి వైపు తిరిగాను. "నాకు పాటంటే ప్రాణమండి. ముందు వరసలో చోటుందాండి?"

మంగళం పాడేదాకా లేవలేదు.