నల్లదానికి పెనం వద్దు

బోధన్, మంగళవారం

వకీలు సాబుకు మీ తోటమాలి దండాలు. నా అక్షరం వంకర, మాట వంకర కాదు.

గాజు తొట్టిలో తోటి చేపల తోకలు కొరుకుతున్న నల్లదాన్ని, శుక్రవారం మీరు వచ్చేసరికి వేయించి పెట్టమని వంట భీమవ్వకు చెప్పి నిజామాబాద్ కచేరీకి పోయినారు. నేను వేయించనియ్యలేదు. మీ తోటపనికి రాకముందు యాభై ఏండ్లు చేపలు పట్టిన చెయ్యి నాది. ఒక చేప కోసం బతిమాలుడు ఇదే మొదలు.

తప్పు మీది సాబు. ఏడు చేపలకు ఒక్క రాతి మహలు పెడితిరి. నల్లది దాన్ని పట్టుకొని కూర్చున్నది, దగ్గరికొచ్చినదాన్నల్లా కొరికింది. నేను మహలు తీసేసి పగిలిన ముంతలు ఏడు బోర్లించిన. ఇప్పుడది అత్తగారింటికి మొదటిసారి వచ్చిన అల్లుడి లెక్క, ఎక్కడ కూర్చోవాలో తెలియక తిరుగుతున్నది! "సూడు తాతా, ఎట్ల సిగ్గువడుతుందో!" అని భీమవ్వ నవ్వి నవ్వి రొట్టెలు మాడగొట్టింది. రెండు రోజులైంది, ఒక్క తోక తెగలేదు.

శుక్రవారం మీకు పప్పే. కోపమొస్తే తొట్టి ముందట కూర్చొని తినండి. నవ్వకుండా ఒక్క ముద్ద మింగితే, పొయ్యి మీద పెనం నేనే పెడతా.